‘అండి’ పెట్టి చేసే వెటకారం: కణభౌతిక శాస్త్రంలో పేరడీలు

తొమ్మిదింటి ముహూర్తానికి పదకొండింటికి వచ్చిన చుట్టాన్ని అమలాపురంలో ఎవరూ కోప్పడరు. "ఆయ్, తమరు రేపొస్తారేమో అనుకున్నామండి, ఇవాళే వచ్చేశారే!" అంటారు. మాటలో మర్యాదకి లోటుండదు, మొహంలో నవ్వుండదు. అది ఆదరమో ఎత్తిపొడుపో చుట్టం తేల్చుకునేసరికి విస్తళ్లు వేసేస్తారు. గోదావరి జిల్లాల వెటకారానికి ఆ నిబ్బరమే ప్రాణం. పైకి నూటికి నూరుపాళ్లూ గౌరవమే, లోపలి సరుకు వేరు.

సిద్ధాంత కణభౌతిక శాస్త్రంలో పేరుపడ్డ పేరడీలు ఈ బాపతువే. ఆ శాస్త్రజ్ఞులు తమ పేపర్లని పత్రికల్లో అచ్చుకాకముందే ‘ఆర్కైవ్’ అనే ఉమ్మడి నిల్వలో పెడతారు. దాన్ని 1991లో పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టాడు. ఏటా ఏప్రిల్ 1కి అందులో కొన్ని కొంటె పేపర్లు దిగుతుంటాయి. ఇప్పుడు ఏఐ కూడా పేపరు భాషని అచ్చుగుద్దినట్టు రాసేస్తోంది. దాంతో పాత అనుమానమే మళ్లీ లేచింది: అసలు పేపరుకీ వెక్కిరింత పేపరుకీ తేడా తెలియడం లేదంటే, ఆ శాస్త్రమే డొల్లా? అడగడం తేలికే. జవాబుకి మాత్రం కొంచెం లెక్క చెయ్యాలి.

పేరడీ, వ్యంగ్యం, బూటకం: ఏది ఏది?

పేరడీ రూపాన్ని అనుకరిస్తుంది. వ్యంగ్యానికి గురి ఉంటుంది, ఏదో ఒక అలవాటుని పొడవాలి. బూటకపు పేపరంటే సంపాదకుణ్ణి నమ్మించి అచ్చు వేయించి, ఆ తర్వాత గుట్టు విప్పడం. ఇవి కాక ఉత్త చమత్కారం ఒకటుంది. అందులో పేపరు నిజమైనదే, ఓ మూల చిన్న చిలిపితనం మాత్రం ఉంటుంది. 1948లో ఆల్ఫర్, గామోవ్ కలిసి రాసిన పేపర్లో గామోవ్ తన స్నేహితుడు హాన్స్ బేథే పేరు కూడా ఇరికించాడు, ముగ్గురి పేర్లూ కలిసి ఆల్ఫా, బీటా, గామా అని వినిపించాలని. అది అచ్చయింది కూడా ఏప్రిల్ 1నే. లోపలున్నది మాత్రం విశ్వం తొలినాళ్లలో మూలకాలు ఎలా పుట్టాయన్న గట్టి లెక్క. 1977లో జాన్ ఎల్లిస్ డార్ట్స్ ఆటలో పందెం ఓడి, తన తర్వాతి పేపర్లో ‘పెంగ్విన్’ అన్న మాట వాడాల్సి వచ్చింది. ఒక రకం కణ చర్యల బొమ్మలకి ఆ పేరు తగిలించాడు. ఇవాళ్టికీ వాటిని పెంగ్విన్ బొమ్మలనే అంటారు. వీటితో ఎవరికీ పేచీ లేదు. గొడవంతా మొదటి మూడింటితోనే.

ఈ రంగంలోనే పేరడీకి ఇంత చోటు దొరకడానికి కారణం ప్రయోగం ఆలస్యంగా రావడం. హిగ్స్ కణం గురించి 1964లో రాశారు, అది దొరికింది 2012లో. మధ్యలో 48 ఏళ్లు. ప్రకృతి తీర్పు చెప్పేదాకా పేపరుని తూచడానికి చేతిలో ఉండేవి గణితం, పొందిక, రాసినవాడి పేరు, రాసిన తీరు. ఈ చివరి రెండింటికీ ఎక్కువ మార్కులు పడే చోట పేరడీకి పని దొరుకుతుంది.

137, ఒకటి కలిపే సర్ ఆర్థర్

విద్యుదయస్కాంత బలం ఎంత గట్టిదో చెప్పే సంఖ్యని ఆల్ఫా అంటారు. దానికి మీటరు, కిలో లాంటి కొలమానం ఉండదు. ఎవరు ఏ కొలతలతో కొలిచినా ఒకటే విలువ, సుమారు 1/137. ఇంకా కచ్చితంగా చెబితే 1/137.036. ఆ సంఖ్య అంతే ఎందుకుండాలో నేటికీ తెలియదు.

1919 సూర్యగ్రహణం కొలతలతో ఐన్‌స్టీన్‌కి పేరు తెచ్చిపెట్టిన సర్ ఆర్థర్ ఎడింగ్టన్, ఈ సంఖ్యని ఆలోచనతోనే రాబట్టవచ్చని నమ్మాడు. 16 అడ్డువరసలు, 16 నిలువువరసలు ఉన్న గళ్ల పట్టికలో సౌష్ఠవం ఉంటే (అంటే కర్ణానికి అటూ ఇటూ ఒకటే విలువలుంటే) విడివిడి విలువలు 16×17/2, అంటే 136. కాబట్టి ఆల్ఫా 1/136 అన్నాడు. ప్రయోగాలు 137 వైపు మొగ్గాయి. ఇంకొకటి కలపడానికి కూడా ఆయనకి కారణం దొరికింది. అప్పటినుంచి ‘సర్ ఆర్థర్ ఆడింగ్ వన్’ అనే ఎగతాళి పేరు ఆయనకి అతుక్కుపోయింది. ఎడింగ్టన్ తెలివితక్కువవాడు కాడు, నక్షత్రాల లోపల ఏం జరుగుతుందో చెప్పిన తొలితరం దిట్టల్లో ఒకడు. వెటకారం అంత బాగా పండింది కూడా అందుకే.

1931: సున్నా ఉష్ణోగ్రతలోంచి ఆల్ఫా

ఆ ఏడాది జనవరి 9న ఒక జర్మన్ విజ్ఞాన పత్రికలో చిన్న పేపరు వచ్చింది. రాసినవాళ్లు గైడో బెక్, హాన్స్ బేథే, వోల్ఫ్‌గాంగ్ రీజ్లర్, ముగ్గురూ కుర్రాళ్లు. వాళ్ల వాదన ఇలా నడుస్తుంది. ఒక స్ఫటికాన్ని పరమశూన్య ఉష్ణోగ్రతకి, అంటే ఇక చల్లబరచలేని హద్దుకి దించాలంటే లోపలి కదలికలన్నీ గడ్డకట్టాలి. ఎడింగ్టన్ ప్రకారం ఎలక్ట్రాన్‌కి 137 రకాల స్వేచ్ఛ ఉంటుంది. ప్రోటాన్ అంటే ఎలక్ట్రాన్ల సముద్రంలో ఒక బొరియ అని భౌతిక శాస్త్రజ్ఞుడు డిరాక్ అప్పట్లో అన్నాడు కాబట్టి దానికీ 137. రెండూ కలిపి 274. కక్ష్యలో తిరగడానికి ఒకటి వదిలేస్తే 273. పరమశూన్యం మైనస్ 273 డిగ్రీలే కదా, వేరే దారిలో కొలిచిన ఆల్ఫాతో అద్భుతంగా సరిపోయింది! ఏ రకం స్ఫటికం తీసుకున్నా ఫలితం మారదని చివర్లో వినయంగా ఒక వాక్యం కూడా జోడించారు.

సంపాదకుడు ఆర్నాల్డ్ బెర్లినర్ నమ్మి అచ్చేశాడు. సంగతి తెలిశాక ఆయన నవ్వలేదు. మార్చి 6న సవరణ వచ్చింది: ఇది నిజంగా తీసుకోవాల్సినది కాదు, ఉత్త ఊహల మీద, పసలేని సంఖ్యల వాదన మీద నడిచే ఒక తరహా పేపర్ల తీరు చూపించడానికి రాసింది అని.

ఇందులో చక్రం ఎక్కడ ఊడింది? 273 అనే అంకె ప్రకృతిది కాదు. నీళ్లు గడ్డకట్టే చోటికీ మరిగే చోటికీ మధ్య నూరు భాగాలు చేద్దామని మనుషులు అనుకోబట్టి వచ్చింది. అదే పరమశూన్యం ఫారన్‌హీట్‌లో మైనస్ 459.67. అదే సూత్రంలో వేస్తే 137 బదులు 230 పైచిలుకు వస్తుంది. కోనసీమలో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో అదే ఎకరానికి 40 గుంటలు. ఎకరం నూరు భాగాలుగా ఎందుకుందో కొబ్బరిచెట్టు వేర్లలోంచి ఎవరైనా రుజువు చేస్తే, ఆ రుజువు హైదరాబాద్ బస్సెక్కి దిగేలోపు చెడిపోతుంది. చేను మారలేదు, కొలత మారింది. కొలమానం లేని ఆల్ఫాని కొలమానం ఉన్న డిగ్రీలతో సమానం చేసినప్పుడే ఆ పేపరు పడిపోయింది. పోనీ ఆ తప్పు క్షమించినా, 2×137.036−1 అంటే 273.072. పరమశూన్యం మైనస్ 273.15. దశాంశాల్లోకి దిగితే అక్కడా పొసగదు.

ధవళేశ్వరం గేట్లలో కూడా 137 ఉంది

ఇలాంటి సరిపోలికలు ఎంత చవకో మన సర్ ఆర్థర్ పేరున్న బ్యారేజీ మీదే చూడొచ్చు. కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. తర్వాత కట్టిన ఇప్పటి బ్యారేజీకి నాలుగు భాగాలు: ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. మొత్తం 175.

ఇప్పుడు వాదన మొదలుపెడదాం. విజ్జేశ్వరం పశ్చిమ డెల్టాకి నీళ్లిచ్చేది కనక, "సౌష్ఠవం దృష్ట్యా" దాన్ని పక్కన పెడదాం. 70+43+23 = 136. ఎడింగ్టన్ మొదటి విలువ! కాటన్ దొర విగ్రహం ఒకటి కలిపితే 137. ఆల్ఫా రహస్యం ధవళేశ్వరంలో దొరికేసిందండి.

నవ్వు ఆపి, చెప్పకుండా దాచిందేమిటో లెక్కేద్దాం. నాలుగు భాగాల్లోంచి ఏవో కొన్ని ఎంచుకునే దారులు 15. ప్రతి మొత్తానికీ ఒకటి కలపొచ్చు, తీసెయ్యొచ్చు, ఊరుకోవచ్చు. అంటే 45 సంఖ్యలు. ఇవి 22కీ 176కీ మధ్య పడతాయి, ఏ రెండూ ఒకటి కావు. ఆ మధ్య ఉన్న సంఖ్యలు మొత్తం 155. కాబట్టి ఎవరైనా ఆ మధ్యలో ఏ సంఖ్య చెప్పినా పదింట మూడుసార్లు గేట్లతోనే "రుజువు" చేసెయ్యొచ్చు. సప్తగోదావరి ఏడు పాయలు, కట్టిన ఏళ్లు కూడా వాడుకోనిస్తే తగలని సంఖ్యే ఉండదు. చూపించింది ఒక్క దారి, ప్రయత్నించి పారేసినవి కనిపించవు. ఈ తరహా పేరడీ పొడిచేది గణితాన్ని కాదు, ఆ దాచిన ప్రయత్నాల లెక్కని.

అన్ని అంకెల ఆటలూ వెటకారమేనా?

కావు. తీర్పు కష్టమయ్యేది ఇక్కడే. స్విట్జర్లాండ్ స్కూలు మాస్టారు బామర్ 1885లో హైడ్రోజన్ కాంతిరేఖలు నాలుగింటిని చూసి ఒక సూత్రం కుట్టాడు. ఎందుకలా అంటే ఆయన దగ్గర కారణం లేదు. తను వాడని మిగతా రేఖలు కూడా దానికే సరిపడ్డాయి. 1913లో బోర్ కారణం చెప్పాడు. 1951లో లెంజ్ అనే ఆయన ప్రోటాన్ బరువు ఎలక్ట్రాన్ బరువుకి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య, ‘పై’ అయిదో ఘాతానికి ఆరు రెట్లతో సరిపోతోందని అచ్చేయించాడు. అప్పటి కొలత 1836.12, సూత్రమూ 1836.12. ఇప్పటి కొలత 1836.153. కొలత పదునెక్కింది, సరిపోలిక జారిపోయింది.

రెంటికీ మధ్య ఇరుక్కున్నది కొయిడే సూత్రం. ఎలక్ట్రాన్, మ్యూయాన్, టౌ అనే మూడు కణాల ద్రవ్యరాశులు (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల్లో) 0.511, 105.66, 1776.9. వీటి మొత్తం 1883.07. వర్గమూలాలు 0.715, 10.279, 42.153, వాటి మొత్తం 53.147, దాని వర్గం సుమారు 2824.6. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.6667, అంటే మూడింట రెండు. యొషియో కొయిడే ఇది చెప్పింది 1981 ప్రాంతంలో. అప్పటికి టౌ కొలత 1784 దగ్గరుంది, సూత్రం 1777 కావాలంది. 1992లో బీజింగ్ ప్రయోగం మళ్లీ కొలిస్తే 1777 దగ్గరే తేలింది.

కాకతాళీయం అనేవాళ్ల వాదనకీ బలముంది. కణాల ద్రవ్యరాశి విలువలు ఏ శక్తి దగ్గర చూస్తున్నామన్నదాన్ని బట్టి కొంచెం మారతాయి. లోతైన నియమమేదైనా ఉంటే అది ఎక్కువ శక్తుల దగ్గర శుద్ధంగా కనపడాలి. ఈ సూత్రం అక్కడే కాస్త చెదురుతుంది. ఏదో ఉందనేవాళ్లు ఆ 1777 వైపు వేలు చూపిస్తారు. ఫలితం రాకముందే చీటీ రాసి పెట్టినవాడికి ఇవ్వాల్సిన గౌరవం అది. గేట్ల లెక్కకి ఆ గౌరవం దక్కదు, ఎందుకంటే 137 ముందే తెలిసి ఉంది.

పులస పడిందనగానే

ఒకే పుకారు చుట్టూ మూగడం ఈ రంగంలో వ్యంగ్యానికి రెండో గురి. 2015 డిసెంబర్ 15న యూరప్ కణ పరిశోధన కేంద్రం సెర్న్‌లో రెండు ప్రయోగ బృందాలు 750 జీఈవీ శక్తి దగ్గర జంట ఫోటాన్లు (కాంతి కణాలు) కాస్త ఎక్కువగా కనపడుతున్నాయన్నాయి. ఇలాంటిది కాకతాళీయం కాదనడానికి ఎంత గట్టి ఆధారముందో సిగ్మాల్లో చెబుతారు. ఒక బృందం లెక్కలో అది 3.6 సిగ్మా, రెండోదానిలో 2.6. కనుగొన్నామని చెప్పాలంటే 5 కావాలి. పైగా వెతికిన మిగతా శక్తులన్నీ లెక్కలోకి తీసుకుంటే ఆ 3.6 కాస్తా 2 దగ్గరికి దిగుతుంది. గేట్ల దగ్గర చూసిన 45 దారుల సంగతే ఇది: ఎన్ని చోట్ల చూశావన్నదాన్ని బట్టి తగిలినదాని విలువ తగ్గుతుంది.

యానాంలో పులస పడిందంటే గిన్నెలు పట్టుకుని పరిగెత్తినట్టు సిద్ధాంతకారులు పరిగెత్తారు. ఎనిమిది నెలల్లో సుమారు 500 పేపర్లు వచ్చాయి. 2016 ఆగస్టులో షికాగో సమావేశంలో కొత్త లెక్కలు చూపించారు. పులస కాదు సరికదా, వలలో చేపే లేదు. ఈ పరుగుకి అంబులెన్సు వెంట పడటం అని ముద్దుపేరు. పరుగు ఇంకా నడుస్తుండగానే, 2016 మార్చిలో మిహైలో బకోవిచ్ ఆ వచ్చి పడుతున్న పేపర్ల సంఖ్య మీదే ఒక గణిత నమూనా కట్టి పేపరు పెట్టాడు: ఆసక్తి, మిగిలిన ఐడియాలు రోజులు గడిచేకొద్దీ ఎలా తగ్గుతాయి, మొత్తం ఎలా పెరుగుతుంది అని. లెక్క నిజమైన లెక్కే. గురి మాత్రం తోటివాళ్లు.

పరిగెత్తినవాళ్ల తరఫునా ఒక మాట చెప్పాలి. ఆ నమూనాలు ప్రయోగంవాళ్లకి తర్వాత ఏ గుర్తుల కోసం వెతకాలో చెప్పాయి. కణం నిజమై ఉంటే ఇదే పరుగుని సన్నద్ధత అనేవాళ్లం.

వ్యాకరణం ఒక్కటే చాలా?

2010లో డేవిడ్ సిమన్స్-డఫిన్ ‘స్నార్కైవ్’ అనే ఒక ఆట యంత్రం రాశాడు. అది ఉన్నత శక్తుల సిద్ధాంత పేపర్ల శీర్షికలనీ సారాంశాలనీ యాదృచ్ఛికంగా పుట్టిస్తుంది. దాని కీలు చాలా సులువు. వాక్యాన్ని ఖాళీ గళ్లుగా చేసి, ఒక్కో గడికి ఒక జాబితా ఇస్తారు. గడిలో పడ్డ మాట మళ్లీ కొత్త గళ్లు తెరవొచ్చు.

పెళ్లి భోజనాల బోర్డుతో చూద్దాం. నియమం: ఊరు + సరుకు + వంటకం. ఊళ్లు ఆత్రేయపురం, తాపేశ్వరం, భీమవరం. సరుకులు జీడిపప్పు, బెల్లం, రొయ్య. వంటకాలు పూతరేకు, కాజా, వేపుడు. 3×3×3, అంటే 27 పేర్లు. "ఆత్రేయపురం బెల్లం పూతరేకు" వస్తే నోరూరుతుంది. "భీమవరం రొయ్య వేపుడు" వచ్చినా సరే. "తాపేశ్వరం రొయ్య కాజా" వచ్చిందనుకోండి, వ్యాకరణం దానికి అభ్యంతరం చెప్పదు, వంటవాడు చెబుతాడు. గోదావరి మొహమే చూడనివాడు మాత్రం దాన్నీ ఆకు మీదికి తెమ్మంటాడు.

ఇందులోంచే ఇంకో ఆట పుట్టింది: ఒక అసలు శీర్షిక, ఒక యంత్రపు శీర్షిక పక్కపక్కన పెట్టి ఏది అసలుదో చెప్పమనడం. మొదటి ఆరు నెలల్లో ఏడున్నర లక్షలకి పైగా ఊహలు నమోదైతే సరైనవి 59 శాతం. బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది. దీన్ని పట్టుకుని సిద్ధాంతమంతా డొల్ల అనడం తొందరపాటు. ఆడినవాళ్లలో ఎవరైనా ఉండొచ్చు, చూపించింది శీర్షిక మాత్రమే. బోర్డు చదివి వంట రుచి చెప్పలేకపోతే తప్పు వంటది కాదు. కానీ అసలు వంటల పేర్లు రొయ్య కాజాలా వినిపించే స్థితికి వచ్చాయన్న సంగతి ఆ 59లో ఉంది, దాన్నీ కొట్టిపారెయ్యలేం.

గుట్టు విప్పినవాడు, విప్పనివాళ్లు

1996లో న్యూయార్క్ భౌతిక శాస్త్రజ్ఞుడు అలన్ సోకల్ ఒక సాంస్కృతిక అధ్యయనాల పత్రికకి క్వాంటమ్ గురుత్వం పేరుతో అర్థంలేని వ్యాసం పంపాడు. అచ్చవగానే వేరే పత్రికలో గుట్టు విప్పాడు. అక్కడ గురి భౌతిక శాస్త్రం కాదు, దాని మాటల్ని అలంకారంగా వాడుకునేవాళ్లు.

ఆరేళ్లకి బాణం ఇటు తిరిగింది. ఫ్రాన్సులో టీవీతో పేరు తెచ్చుకున్న కవల సోదరులు ఇగోర్, గ్రిష్కా బోగ్దనోవ్‌లు డాక్టరేట్లు పొంది, విశ్వం పుట్టుక మీద పేపర్లు పేరున్న పత్రికల్లో వేయించుకున్నారు. 2002 అక్టోబర్లో ఇదంతా సోకల్‌కి బదులుగా ఆడిన బూటకమని పుకారు లేచింది. కాదు, నిజంగానే రాశామన్నారు వాళ్లు. చదివిన నిపుణులు చాలామంది మాటలు సరైనవే గాని వాక్యాలకి అర్థం కుదరడం లేదన్నారు. ఒక పత్రిక సంపాదకులు ఆ పేపరు తమ ప్రమాణాలకి తూగదనీ వేసి ఉండాల్సింది కాదనీ చెప్పారు. సోదరులు 2021 డిసెంబర్ చివర ఒకరు, 2022 జనవరి మొదట్లో ఒకరు పోయారు. వెటకారమని చివరిదాకా ఒప్పుకోలేదు.

దీన్ని రెండు రకాలుగా చదువుతారు. పత్రికలు పేరడీకీ పేపరుకీ తేడా పట్టలేకపోతే ప్రయోగానికి దూరమైన ఆ శాఖలో జల్లెడే పాడైందని కొందరు. అచ్చు కావడం తీర్పు కాదు, ఒకరిద్దరు సమీక్షకుల తొలి చూపు మాత్రమే, ఆ పేపర్ల మీద తర్వాత ఎవరూ ఏమీ కట్టలేదంటే అసలు జల్లెడ పనిచేసినట్టేనని మరికొందరు. రెండో వాదనే ఎక్కువ నిలబడుతుంది. కానీ డాక్టరేట్ ఇచ్చిన సంఘం కూడా సమీక్షకుల లాగే తొలి చూపుతో సరిపెట్టుకుందా అన్న ప్రశ్నకి అందులో జవాబు లేదు.

వెటకారానికి పేపరే అక్కర్లేదని భౌతిక శాస్త్రజ్ఞుడు పౌలీ చూపించాడు. 1958లో హైసెన్‌బర్గ్ తామిద్దరూ కలిసి చేస్తున్న సిద్ధాంతం దాదాపు పూర్తయింది, చిన్న చిన్న వివరాలే మిగిలాయన్నట్టు ప్రకటించాడు. పౌలీ ఒక ఉత్తరంలో ఖాళీ చట్రం గీసి, నేను మహా చిత్రకారుడు టిషియన్‌లా బొమ్మలు వెయ్యగలనని లోకానికి చూపడానికే ఇది, సాంకేతిక వివరాలే మిగిలాయి అని రాశాడు.

2011 సెప్టెంబర్లో ఇటలీలోని ఒక ప్రయోగం, సెర్న్ నుంచి 730 కిలోమీటర్లు వచ్చిన న్యూట్రినోలు అనే కణాలు కాంతికన్నా 60 నానోసెకన్లు ముందే చేరాయంది. మళ్లీ పేపర్ల వరద మొదలైంది. అందులో మైకేల్ బెర్రీ, మన ప్రజ్ఞా శుక్లా, మరో ఇద్దరు కలిసి ఒకటి రాశారు. ఆ వేగాన్ని ఫలానా క్వాంటమ్ కొలత ప్రభావంతో వివరించవచ్చా అన్నది శీర్షిక. శీర్షిక కింద సారాంశం మొత్తం రెండే మాటలు: బహుశా కాదు. లోపల లెక్క అంతా వివరంగా ఉంది, ఆ ప్రభావం ఎందుకు సరిపోదో చూపించారు. కొన్ని నెలలకి అసలు కారణం తేలింది. ఒక ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదు.